వృద్ధతారల జనాభా లెక్క

(పాఠశాల వార్షికోత్సవ సభలో తల్లిదండ్రులనుద్దేశించి చేసిన ఉపన్యాస పాఠము)



విజ్ఞానశాస్త్ర విషయమొకటి తెలుగున ముచ్చటింపవలసినదిగా సంఘమువారు మమ్ము కోరిరి. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, పాఠ్యపుస్తకములో సగము ఇంగ్లీషు. ఇట్టి స్థితిలో మన పిల్లలకు ఆకాశమును గూర్చి ఏ భాషలో చెప్పినచో తలకెక్కునను సందేహము మీలో పలువురకు కలదు. ఆ వాదములోనికి మేము దిగబోము. ఇటీవలి ఖగోళ పరిశోధనలలో కొంత కఠినమైన దానినే ఎన్నుకొని తెలుగున చెప్పి చూచెదము. అర్థమైనదో లేదో మీరే నిర్ణయింపవచ్చును.

విషయము జనాభా లెక్క. మనుష్యులది కాదు, పాలవెల్లిలోని ముసలి తారలది.

పాలవెల్లిలో తారలు పదివేల కోట్లకు తక్కువ లేవు. మన సూర్యుడు వానిలో ఒకడు. ఊరి చివరి వీధిలో కాపురమున్నవాడు నడిబొడ్డుననున్న గుడిని చెట్లచాటునుండి చూడబోయినట్లు, మనము ఈ తారామండలము అంచువైపు నిలిచి దాని నడుమ ఏమున్నదో చూడ యత్నించుచున్నాము. కేంద్రము మనకు సుమారు 26,000 కాంతి సంవత్సరముల దూరమున, ధనూ వృశ్చిక రాశుల సరిహద్దున, మన పెద్దలు మూలానక్షత్రమని పిలిచిన తారకు చేరువగా ఉన్నది. వేసవి రాత్రులలో ఆ దిక్కున పాలవెల్లి చిక్కగా కనబడును గాని, మనకు కనబడునది వాకిలియే, గర్భగుడి కాదు. నడుమ దట్టమైన ధూళి అడ్డముగా నున్నది. కేంద్రమునుండి బయలుదేరిన కంటివెలుగులో లక్ష కోట్ల పాళ్ళలో ఒక పాలు మాత్రమే మనవరకు చేరును.

2013లో పంపబడి 2025 ఆరంభమువరకు పనిచేసిన గైయా ఉపగ్రహము నూరుకోట్లకు పైగా తారల స్థానములను అపూర్వమైన సూక్ష్మతతో కొలిచినది. అయినను అది చూచినది కంటివెలుగునే గనుక, ఈ ధూళి వెనుక అదియు చాలవరకు నిస్సహాయమే. వాల్టర్ బాడే అను ఖగోళజ్ఞుడు 1940 ప్రాంతమున ధూళి పలుచనైన కిటికీ వంటి చోటొకటి కేంద్రమునకు చేరువలో కనుగొనెను. నేటికిని దానిని బాడే కిటికీ యనియే పిలుచుచున్నారు. కాని ఒక్క కిటికీనుండి తొంగిచూచి ఇల్లంతయు ఎట్లున్నదో చెప్పగలమా? తలుపులన్నియు మూసియున్నపుడు లోనివారు పలికిన పలుకునుబట్టియే లెక్క వ్రాసికొనవలెను. అట్లు గోడచాటునుండి పలుకగలవి ముసలి తారలే.

ముసలి తార యనగా నేమి? సూర్యునివంటి తార తన గర్భమునందలి హైడ్రోజనును హీలియముగా మార్చుచు కాంతినిచ్చును. ఇంధనము తీరుకొలది పై పొరలు ఉబ్బును, ఉపరితలము చల్లబడి ఎఱ్ఱబారును. మన సూర్యునికి ఈ దశ సుమారు 500 కోట్ల సంవత్సరముల తరువాత రానున్నది. ఆ దశ చివర తార మరింత పెరిగి, సూర్యునిచోట నిలిపినచో భూమి తిరుగు కక్ష్యవరకు వ్యాపించునంతటిదగును. దీనినే అరుణ మహాతార యందురు. అది నిశ్చలముగా ఉండదు. కొన్ని నెలలకొకసారి ఉబ్బుచు తగ్గుచు ఊపిరి తీయునట్లుండును. కాంతియు అట్లే హెచ్చుచు తగ్గుచుండును.

ఇట్టి తారను మొదట గుర్తించినవాడు డేవిడ్ ఫాబ్రిషియస్ అను మతగురువు. 1596లో తిమింగల రాశియందు ఆయన చూచిన తార కొన్నాళ్ళకు కంటికి కనబడకపోయెను, పిమ్మట మరల కనబడెను. తరువాతివారు దానికి మీరా, అనగా అద్భుతమైనది, అని పేరిడిరి. దాని ఆవృత్తి సుమారు 332 దినములు.

ఈ కథలో మన చెన్నపురికిని ఒక పాలు కలదు. ఆ సంగతి ఇచట కొంచెము నిలిచి చెప్పవలెను. నుంగంబాకమున 1792లో కట్టిన నక్షత్రశాలలో పందొమ్మిదవ శతాబ్దమున చింతామణి రఘునాథాచారిగారు సహాయకులుగా ఉండిరి. రాత్రులయందు తారల స్థానములను కొలిచి పట్టికలకెక్కించుట ఆయన వృత్తి. 1867లో ఆయన రెటిక్యులము అను దక్షిణ రాశిలోని తార ఒకటి కాంతి మారుచున్నదని కనిపెట్టిరి. అదియు మీరా జాతిదే. తొమ్మిది నెలలకొకసారి వెలిగి మణగును. చెన్నపురినుండి చూచినచో ఆ తార దక్షిణ దిగంతమునకు పదునాలుగు డిగ్రీలకంటె ఎత్తునకు రాదు. సముద్రపు తేమయు, పొగమంచును ఉండు ఆ తావున దాని వెలుగు నిజముగా తగ్గినదో, గాలి మసకచే తగ్గినట్లు తోచినదో తేల్చుటకు ఎంత ఓపిక కావలెనో ఆలోచింపుడు. ఒక్కనాటి చూపుతో అది తేలదు. పాత లెక్క యుండవలెను, దానిని నమ్మదగినవాడు వ్రాసియుండవలెను.

ఆ నక్షత్రశాల పరికరమును మోసిన రాతిస్తంభము నేటికిని వాతావరణ కార్యాలయ ఆవరణలో నిలిచియున్నది. వేయేండ్ల తరువాతివారికి తెలియవలెనని దానిపై పలు భాషలలో శాసనము చెక్కిరి. అందు తెలుగు ఒకటి. సెలవుదినమున పిల్లలను ఏ వినోదశాలకో తీసికొనిపోవుటకు ముందు, అనుమతి పొంది ఆ రాయిని ఒకసారి చూపించిన మేలని మా అభిప్రాయము.

ఇక పలుకు సంగతి. ఉబ్బిన తార తన పై పొరలను పట్టియుంచలేక గాలివలె వదలుచుండును. అందు కొన్ని లక్ష సంవత్సరములలో సూర్యునంతటి ద్రవ్యమును వెలిగ్రక్కునంతటి వేగముతో వదలును. ఆ గాలి చల్లబడుకొలది పరమాణువులు కూడి అణువులగును. ఆమ్లజని హెచ్చుగానున్న తారలో కర్బనమంతయు ముందుగా ఆమ్లజనితో జతకట్టును. మిగిలిన ఆమ్లజని సిలికానుతో చేరి సిలికాన్ మోనాక్సైడగును, హైడ్రోజనుతో చేరి నీరగును. అవును, ఆ మండుచున్న తారచుట్టును నీటియావిరి కలదు. మన సముద్రపుటిసుకలోని ముఖ్యధాతువైన సిలికానును కలదు.

ఈ అణువులు రేడియో తరంగములను విడుచును. కాని మామూలుగా విడుచునది మిక్కిలి బలహీనము. ఇచట మరియొక వింత జరుగును. తార వేడిమివలనను, తాకిడులవలనను అణువులలో ఎక్కువ భాగము పై శక్తిస్థాయికి ఎక్కి, దిగుటకు సిద్ధముగా నిలిచియుండును. అప్పుడు సరియైన పౌనఃపున్యముగల తరంగమొకటి అటు సాగినచో, దాని తాకిడికి ఒక అణువు దిగుచు అట్టి తరంగమునే విడుచును. రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదగును. భజనలో ముందుపాటగాడు శ్రుతి ఎత్తగా మండలియంతయు అదే శ్రుతిలో, అదే తాళమున అందుకొనునట్లు గొంతు బలపడును. ఒక భేదము మాత్రము చెప్పవలెను: భజనలో ఎవరికి వారు తప్పిపోవచ్చును, అణువు తప్పిపోదు. ఈ విధముగా బలపడిన సూక్ష్మతరంగమునకే మేసరు అని పేరు. లేసరు దీని తమ్ముడు.

ఐన్‌స్టైను 1917లో ఈ ప్రేరిత ఉద్గారమును సిద్ధాంతరూపమున చెప్పెను. చార్లెస్ టౌన్సును, ఆయన శిష్యులును 1954లో అమ్మోనియా వాయువుతో మొదటి మేసరును ప్రయోగశాలలో నిర్మించిరి. 1964లో టౌన్సు, బాసోవ్, ప్రోఖొరోవ్ అను మువ్వురకు నోబెలు బహుమానము లభించెను. మరుసటి యేడే, 1965లో, కాలిఫోర్నియా రేడియో ఖగోళజ్ఞులకు ఆకాశమునుండి లెక్కకు లొంగని బలముగల రేఖ యొకటి వినబడెను. ఏ పదార్థముదో తోచక వారు దానికి పరిహాసముగా మిస్టీరియము అను పేరిడిరి. అది హైడ్రాక్సిల్ అణువు మేసరని తరువాత తేలినది. మనిషి తన పనితనమునకు బహుమానమందుకొనునాటికి ఆ యంత్రము ఆకాశమున ఎన్ని యుగములుగానో నడచుచుండెనన్నమాట. 1968లో విల్సన్, బారెట్ అనువారు ముసలి తారలచుట్టును ఈ హైడ్రాక్సిల్ మేసరును కనుగొనిరి. సిలికాన్ మోనాక్సైడు మేసరు 1974లో బయటపడినది.

ఒక్కొక్క అణువు ఒక్కొక్క పొరలో పలుకును. ఉల్లిపాయ పొరలవలె ననుకొనుడు. తారకు మిక్కిలి చేరువగా, ధూళి ఏర్పడు చోటికి లోపలనే, సిలికాన్ మోనాక్సైడు 7 మిల్లీమీటర్ల తరంగముతోను, దానిలో సగమైన 3.5 మిల్లీమీటర్ల తరంగముతోను పలుకును. దానికి వెలుపల నీరు, 1.35 సెంటీమీటర్ల తరంగముతో. మిక్కిలి దూరపు పొరలో హైడ్రాక్సిల్, సుమారు 18 సెంటీమీటర్ల తరంగముతో. ఇట్టి తరంగములకు ధూళి అడ్డముగాదు.

హైడ్రాక్సిల్ పొరనుండి వచ్చు సంకేతము మాకు మిక్కిలి ముచ్చట గొలుపును. అది ఒక్క శిఖరముగా రాదు, రెండు శిఖరములుగా వచ్చును. ఏలయన పొర అన్నివైపులకు వ్యాపించుచున్నది. మనవైపు గోడ మనకు చేరువగుచున్నది, అవతలి గోడ దూరమగుచున్నది. వచ్చు రైలుకూత సన్నగా, పోవు రైలుకూత బొంగురుగా వినబడునట్లు రెండు గోడల శ్రుతులు వేరుపడును. రెంటికి నడుమ తార వేగము, ఎడములో సగము గాలి వేగము. ఆ గాలి సామాన్యముగా సెకనుకు 10 మొదలు 20 కిలోమీటర్ల వేగమున వీచును.

అంతటితో ఆగలేదు. తార వెలిగినపుడు పొరయు వెలుగును గదా. ఇవతలి గోడ వెలిగిన వార్త ముందు చేరును, అవతలి గోడ వార్త పొర అడ్డుకొలతను దాటి ఆలస్యముగా చేరును. ఆ ఆలస్యము 30 దినములని అనుకొందము. అనగా పొర అడ్డుకొలత కాంతి 30 దినములు ప్రయాణించు దూరము, భూమికి సూర్యునికి నడుమగల దూరమునకు ఐదువేల రెట్లు. అదే పొర ఆకాశమున ఎంత కోణముగా కనబడుచున్నదో దూరదర్శినులతో కొలిచినచో, తార ఎంత దూరముననున్నదో త్రికోణమితి చెప్పును. నూలుతాడుతో కొలువలేని దూరమును పంచాంగముతో కొలిచినట్లయినది. పదవ తరగతి త్రికోణమితి దేనికి పనికివచ్చునని పిల్లలడిగినచో ఈ యుదాహరణము చెప్పుడు.

ఇట్టి తారలను పదులుగా, వందలుగా వెదకుట 1968 నుండియు జరుగుచున్నది. 1983లో ఐరాస్ ఉపగ్రహము పరారుణ కిరణములలో ఆకాశమును పటము తీసిన పిమ్మట, ఎచట వెదకవలెనో తెలిసినది. జపానువారు నొబెయామాలోని 45 మీటర్ల దూరదర్శినితో కేంద్రపు ఉబ్బునందలి సిలికాన్ మోనాక్సైడు మేసరులను వెదకిరి. మార్టియె సెవెన్‌స్టర్ అను డచ్చి విదుషీమణి హైడ్రాక్సిల్ తారలను ఆస్ట్రేలియా, అమెరికా దూరదర్శినులతో 1990 దశకమున క్రమముగా లెక్కించిరి. వీనినన్నిటిని మించినది, బాడే పేరు గుర్తుకు వచ్చునట్లు పేరు పెట్టుకొన్న ఇటీవలి సర్వేక్షణ. అందు ఎన్నుకొన్న తారలు సుమారు 28,000.

ఎన్నుకొనిన విధము వినదగినది. 1996లో అమెరికా రక్షణశాఖ ప్రయోగించిన ఎం.ఎస్.ఎక్స్. ఉపగ్రహము ముఖ్యముగా క్షిపణులను కనిపెట్టు విద్యకొరకు ఏర్పడినది. అది పాలవెల్లి తలమును పరారుణమున పటము తీయగా, ఏ చుక్క ఏ రంగులో ఎంత వెలుగుచున్నదో తెలిసినది. ధూళిపొర పలుచగానున్న ముసలి తారల రంగు వేరు, ఇప్పుడే పుట్టుచున్న తారల రంగు వేరు. రంగునుబట్టి పేర్లు వ్రాసికొని, ఒక్కొక్క తారవైపు దూరదర్శినిని త్రిప్పి, సుమారు ఒక నిమిషము విని, మరియొకదానివైపు త్రిప్పిరి. ఇట్లు వేలకొలది తారలను చూచిరి. ఉత్తరమునుండి కనబడువానిని న్యూమెక్సికో మైదానమున 27 పళ్ళెములతోనున్న వి.ఎల్.ఏ. దూరదర్శినితో 7 మిల్లీమీటర్ల తరంగమున వినిరి. అచటికి కనబడని దక్షిణభాగమును చిలీ దేశమున 5,000 మీటర్ల యెత్తున 66 పళ్ళెములు గల ఆల్మాతో 3.5 మిల్లీమీటర్ల తరంగమున వినిరి. రెండు తూనికలు వేరైనపుడు రెండు దుకాణముల బియ్యమును పోల్చుట కష్టము. కావున కొన్ని తారలను రెండు తరంగములందును చూచి, ఒక కొలతను మరియొక కొలతతో సరిచూచికొనిరి.

పలికిన తార తన వేగమును తానే చెప్పును. సిలికాన్ మోనాక్సైడు 7 మిల్లీమీటర్ల రేఖ సెకనుకు సుమారు 4,312 కోట్ల కంపనములు గలది. తార సెకనుకు ఒక కిలోమీటరు చొప్పున మనవైపు వచ్చినచో అందు సుమారు 1,44,000 కంపనములు హెచ్చును. నేటి యంత్రములకు ఇది సులభముగా తెలియు భేదము.

చూచినవానిలో సగమునకు పైగా పలికినవి. తక్కినవి పలుకలేదు. ఈ పలుకనివానిని గూర్చియే మేము మీతో ముఖ్యముగా చెప్పదలచినాము. జనాభా గుమాస్తా ఒక ఇంటి తలుపు తట్టగా పలుకు రాకపోయినచో, ఇల్లు ఖాళీ యని వ్రాయుట తప్పు. ఇల్లే లేదని వదలివేయుట అంతకంటె పెద్ద తప్పు. ఏ దినమున, ఏ వేళ, ఎంతసేపు తట్టితిమో వ్రాసి, పలుకు లేదని వ్రాయవలెను. తార పలుకకపోవుటకు కారణములు పెక్కు. మిక్కిలి దూరముననుండవచ్చును. తన ఆవృత్తిలో మణగిన దశయందుండి, నాలుగు నెలల తరువాత గట్టిగా పలుకవచ్చును. కర్బనము హెచ్చైన తారయై ఉండవచ్చును. అట్టి తారలో ఆమ్లజని అంతయు కర్బనముతో పోవును గనుక ఈ పలుకే పుట్టదు. లేదా అది ముసలిది కాక పసిది కావచ్చును, రంగు మనలను మోసగించి యుండవచ్చును. పలుకనివానినన్నిటిని ఒప్పుగా వ్రాసి యుంచినందుననే వానిలో కర్బన తారలెవ్వియో వేరుపరచుటకు వీలైనది. సున్నలు వ్రాయని పట్టిక సగము పట్టికయే. మా పిల్లవాని ప్రయోగమునకు ఫలితము రాలేదని చిన్నబోవు తల్లిదండ్రులు ఈ సభలో ఉందురు. ఫలితము రాలేదని వాడు తేదీతో సహా వ్రాసియుండినచో, మా లెక్కలో వానికి మార్కులు పూర్తిగా ఈయవలెను.

పలికినవి ఏమి చెప్పినవి? పాలవెల్లి పళ్ళెములోని తారలు చాలవరకు ఒకే క్రమమున, బండ్లబాటపై సాగు బండ్లవలె తిరుగును. కేంద్రపు ఉబ్బులోనివి అట్లు కాదు. వాని వేగములు సెకనుకు వందల కిలోమీటర్లవరకు ఇటునటు చెదరియుండును. ఒకే దిక్కున కనబడు తారలలో ఏది దారిలోనిది, ఏది గుడిలోనిది అను భేదము వేగమునుబట్టి తెలియుచున్నది. పాలవెల్లి నడుమ గుండ్రని ముద్దగాక పొడవైన దూలమువంటి ఆకారమున్నదని 1964లోనే వోకులూర్ అను పండితుడు సూచించెను. పరారుణ పటములు 1990 దశకమున దానిని బలపరచినవి. ఆ దూలమెంత పొడవు, ఎట్లు తిరుగుచున్నది, అందలి తారలు ఎప్పటివి అను ప్రశ్నలకు ఈ మేసరు తారల వేగములు సాక్ష్యము. అయితే వేగము తెలిసినంతమాత్రమున దూరము తెలియదు. తార ఉబ్బు ముందున్నదా, వెనుకనున్నదా యని తేల్చుటకు ఇంకను పని జరుగుచున్నది.

ఇది బియ్యము ధర తగ్గించునా యని మీలో ఒకరు అడుగవచ్చును. తగ్గింపదు. అట్లు తగ్గించునని చెప్పువారిని నమ్మవలదు. క్షిపణులకొరకు చేసిన కన్ను ముసలి తారల చిరునామాలు వ్రాసిపెట్టినదను ఒక్క సంగతి మాత్రము మాకు తృప్తి కలిగించుచున్నది.

మన దేశపు సంగతియు చెప్పవలెను. మహారాష్ట్రమున పూనాకు ఉత్తరమున ఖొడద్ గ్రామము చెంత ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పుగల 30 పళ్ళెముల దూరదర్శిని కలదు. అది ప్రపంచప్రఖ్యాతము. కాని ఈ తారలను అది వినలేదు. దాని పళ్ళెములు సన్నని తీగలతో అల్లిన వల. నిడుపైన తరంగములకు ఆ వల గోడవలె పనిచేయును, 7 మిల్లీమీటర్ల తరంగమునకు జల్లెడ. ఇది లోపము కాదు. దాని పని వేరు.

దూరదర్శిని లేకపోయినను ముసలి తారను ఒకదానిని మన మేడపైనుండి చూడవచ్చును. కార్తీకము మొదలు మాఘమువరకు సాయంకాలమున అశ్వినీ నక్షత్రములను గుర్తింపుడు. చేయి చాచి, వానినుండి దక్షిణముగా ఒక జానెడు పైచిలుకు దిగినచో ఫాబ్రిషియస్ చూచిన మీరా ఉండు తావు. అది వెలిగినపుడు ప్రక్క తారలతో సమానముగా కంటికి కనబడును. మణగినపుడు దుర్భిణిలోను దుర్లభము. 332 దినముల ఆవృత్తి గనుక దాని వెలుగు ఏటేట ఒక నెల ముందునకు జరుగుచుండును. కొన్ని ఏండ్లు ఆ వేళకు అది సూర్యుని చాటుననుండి మనకు దొరకదు. పిల్లలచేత పది దినములకొకసారి చూపించి, ప్రక్కనున్న ఏ తారకంటె హెచ్చో, దేనికంటె తక్కువో వ్రాయింపుడు. మబ్బు పట్టినచో మబ్బు అని వ్రాయింపుడు. కనబడనిచో కనబడలేదని వ్రాయింపుడు. అట్టి నోటుపుస్తకములను విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు చూచి, వచ్చు వార్షిక సంచికలో పట్టికగా ప్రకటించుటకు సంఘమువారు అంగీకరించినారు.